దుంప తెంచే నెల

ముఐథర్, దోహా
14 సెప్టెంబరు 1990

చిరంజీవి మనోజ్ఞకు,

నానమ్మ రాస్తున్నాను. నీ ఉత్తరం చేరింది. ‘విత్తనం’లో వత్తు మరిచిపోయావు. వ్యవసాయ కళాశాలలో రెండో ఏడు చదివే పిల్లవి విత్తనాన్నే సరిగా రాయకపోతే మీ మాస్టర్లు ఎలా ఊరుకుంటున్నారో నాకు తెలియదు.

కువైట్ గొడవ చూసి బెంగపడకు. ఇక్కడ అందరం కులాసా. కాకపోతే జనం భయపడి దుకాణాలు ఊడ్చేస్తున్నారు. బియ్యం దొరుకుతున్నాయి, పంచదార దొరకడం లేదు. ఓడలవాళ్ళు ఈ నీళ్ళలోకి రామంటున్నారట. మీ అమ్మ మనీషా నిన్న దుకాణాలన్నీ తిరిగి ఒక్క పొట్లం సంపాదించింది. ఇంటికి రోజుకు ఇన్ని చెంచాలని లెక్క కట్టి డబ్బా మీద కాగితం అంటించాను. మీ నాన్న ఆ లెక్క దాటుతూ నాకు దొరికాడు.

అసలు సంగతికి వస్తాను. ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ ఊరు దాటాక మీ నాన్న కంపెనీకి కూరగాయల పొలం ఉంది కదా. యుద్ధం ఏళ్ళ తరబడి సాగితే పరాయి ఓడల కోసం చూస్తూ కూర్చోలేమని, మన పంచదార మనమే చేసుకోవాలని యజమాని పట్టుపట్టాడు. అక్కడి బావుల నీళ్ళు ఉప్పన, చెరకు బతకదు. అందుకని పంచదార దుంప వేస్తున్నారు. మనం కూర వండుకునే ఎర్ర బీట్‌రూట్‌కి అది తెల్లటి చుట్టం. పొలం చూసుకునేది మీ నాన్నే అయినా, పైన పెత్తనానికి ఇండియా నుంచి ఒక నిపుణుణ్ణి రప్పించారు. మేనేజరు ఫరీదుద్దీన్‌గారు మొన్న ఆయన్ను మన ఇంటికి భోజనానికి తీసుకొచ్చారు.

ఆ నిపుణుడు గుమ్మంలోనే నా కాళ్ళకు దండం పెట్టి, "అమ్మగారూ, గుర్తుపట్టారా? మీ చేతి ముద్దపప్పు తిని మనిషినైనవాణ్ణండీ," అన్నాడు.

గుర్తుపట్టాను. సుధాకరరావు.

నీకు ఎవరూ చెప్పని కథ చెబుతాను. 1962లో మీ తాతయ్య ఒక పంచదార ఫ్యాక్టరీలో చీఫ్ కెమిస్టు. సుధాకరరావు ఆయన కింద అసిస్టెంటు. పెళ్ళికాని కుర్రాడని మన ఇంట్లోనే భోజనం పెట్టేదాన్ని. ఆ సీజన్లో తన షిఫ్టులో చెరకు రసానికి సున్నం వేయించడం మాని పడుకున్నాడు. గోడౌనులో పంచదారంతా ఎర్రబడి ముద్ద కట్టింది. విచారణలో నిలబడి, "నాకేం తెలుసండీ, పెద్దాయన చెప్పినట్టే చేశాను," అన్నాడు. ఆ ఒక్క మాటతో మీ తాతయ్య ఉద్యోగం పోయింది. ఆ కుర్చీ సుధాకరరావుకి దక్కింది. మరే ఫ్యాక్టరీ మీ తాతయ్యను గుమ్మం ఎక్కనివ్వలేదు. రేషన్ డిపోలో గుమాస్తాగా చేరి, పోయేదాకా జనానికి పంచదార తూచి ఇచ్చారు.

మీ నాన్న జయంత్ అప్పుడు చిన్నవాడు. ఉద్యోగం ఎందుకు పోయిందో వాడికి చెప్పవద్దని మీ తాతయ్య నా చేత ఒట్టు వేయించుకున్నారు. వాడికి సుధాకరరావు అంటే గాలిపటాలు చేసిచ్చిన మామయ్య, అంతే.

నువ్వు నాకొక సాయం చెయ్యి. ఈ దుంప దేనితో బాగుపడుతుందో, దేనితో చెడుతుందో మీ మాస్టర్లను అడిగి రాయి. చెడేది ముఖ్యం. ఉత్తరం నా పేరు మీదే రావాలి.

తలకు నూనె రాసుకో.

నానమ్మ
సావిత్రి

బాపట్ల
9 అక్టోబరు 1990

నానమ్మకి మనోజ్ఞ నమస్కారాలు.

విత్తనం, విత్తనం, విత్తనం. మూడుసార్లు రాశాను. సరిపోయిందా?

తాతయ్య కథ చదివి రెండు రోజులు మెస్సులో అన్నం తినబుద్ధి కాలేదు. ఆయన రేషన్ డిపోలో పనిచేశారని తెలుసు గానీ అంతకుముందు ఏంచేసేవారో నేనెప్పుడూ అడగలేదు. ఆ మనిషికి నువ్వెలా భోజనం పెట్టావు? నేనైతే ముద్దపప్పులో చారెడు ఉప్పు పోసేదాన్ని.

చెడేది ముఖ్యం అని రాశావంటే నాన్నతో అలాంటి పొరపాటు జరగకూడదనే కదా. అందుకని మా సస్యశాస్త్రం మాస్టారి వెంటపడ్డాను. మన జిల్లాలో ఎవరూ వెయ్యని పంట నీకెందుకమ్మా అన్నారు. మా నాన్న ఖతర్‌లో వేస్తున్నారు అంటే కుర్చీ లాగి కూర్చోబెట్టారు.

ఆయన చెప్పింది ఇది. ఉప్పునీటికి ఈ దుంప భయపడదు. మొదట్లో యూరియా వెయ్యాలి, ఆకు బాగా రావాలి. కానీ పంట సగం దాటాక యూరియా ఆపెయ్యాలి. చివరి నెలన్నర నీళ్ళు కూడా బిగపట్టాలి. అప్పుడు దుంపకు ఆకలేస్తుంది. ఆకలేసిన దుంప పెరగడం మానేసి తీపి దాచుకుంటుంది. చివరిదాకా యూరియా వేస్తూపోతే దుంప మనిషి తలకాయంత ఊరుతుంది, బరువు తూగుతుంది, కానీ రసం కాస్తే పంచదార పలుకు కట్టదు. నల్లటి మడ్డిగానే మిగిలిపోతుంది.

మాస్టారు ఇంకో మాట కూడా అన్నారు. "చెరకు మనుషులకు ఇది ఎక్కదు. వాళ్ళకి బరువే దేవుడు."

నాన్నకి వెంటనే చెప్పు. అమ్మ గ్యాస్ మాస్కుల గురించి ఏదో రాసింది. నిజంగా ఇచ్చారా, లేక నన్ను భయపెట్టడానికా?

నీ మనవరాలు
మనోజ్ఞ

ముఐథర్
2 డిసెంబరు 1990

చిరంజీవి మనోజ్ఞకు,

నీ ఉత్తరం దాచుకుని మళ్ళీ మళ్ళీ చదివాను. అక్షర దోషాలు లేవు. విషయం కూడా స్పష్టంగా ఉంది. మీ మాస్టారికి నా నమస్కారాలు చెప్పు. నువ్వు రాసిన మాట వృథా పోలేదు. ఉండవలసిన చోట భద్రంగా ఉంది.

మాస్కులు మనకెవరూ ఇవ్వలేదు. మీ అమ్మ ఎవరింట్లోనో చూసి వచ్చింది.

పొలం పచ్చగా ఉందట. కంపెనీ డ్రైవరు దస్తగిరి, కడప జిల్లావాడు, మీ నాన్నను దింపినప్పుడల్లా నాకు వార్తలు చేరవేస్తాడు. "అమ్మా, ఆ ఆకు పాలకూర మాదిరి ఉండాది. పప్పులో ఏసుకుందామని రొంత తుంచితే ఆ పెద్దసారు నన్ను దొంగను జూసినట్టు జూసినాడు. చక్కెర ఆకులో ఉంటాదా అమ్మా, గడ్డలో ఉంటాదా?" అన్నాడు. గడ్డలో అని చెప్పాను. "అట్లయితే ఆకు దినేదానికేం రోగం," అని వెళ్ళిపోయాడు.

ఆ పెద్దసారు ప్రతి శుక్రవారం మన ఇంట్లోనే భోంచేస్తున్నాడు. మీ నాన్నే పిలుస్తాడు. వడ్డించేది నేను. మొన్న గోంగూర మూడోసారి వేయించుకుంటూ, "చెరకైనా దుంపైనా కాటాకే దండం అమ్మగారూ. తూకం ఉంటే తీపి అదే వస్తుంది. మన జయంత్ కుర్రాడు, భయపడుతూ ఎరువు వేస్తున్నాడు. నేనుండగా భయమేమిటండీ," అన్నాడు. అవును నాయనా అన్నాను. నెయ్యి కూడా వేశాను.

నువ్వు ఉప్పు పోసేదాన్నని రాశావు. చిన్నపిల్లవి. ఉప్పు పోస్తే మనిషి ఒక్క ముద్దతో జాగ్రత్తపడతాడు.

నేను తొందరపడడం లేదు. దుంప తెంచడానికి మార్చి నెలాఖరు మంచి సమయం. అప్పటిదాకా ఎవరూ మధ్యలో చెయ్యి పెట్టకూడదు. నువ్వు కూడా.

చలికాలం, తలకు గుడ్డ కట్టుకో.

నానమ్మ

బాపట్ల
6 జనవరి 1991

నానమ్మకి,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. ఇక్కడ రేడియో పెడితే చాలు, కువైట్ ఖాళీ చెయ్యడానికి పదిహేనో తారీఖు గడువు, పదిహేనో తారీఖు గడువు. హాస్టల్లో అందరూ నన్నే చూస్తున్నారు. మీరంతా వచ్చెయ్యకూడదా?

నాన్నకి యూరియా సంగతి చెప్పేశావు కదా, నా మనసు కుదుటపడింది. కానీ నానమ్మా, నువ్వు రాసిన తేదీ నాకు కొంచెం అనుమానంగా ఉంది. మార్చి నెలాఖరుకు దుంప తెంచాలన్నావు. అప్పటికి అక్కడ ఎండలు ముదరవా? మాస్టారిని అడిగితే, "మీ నానమ్మగారు చీఫ్ కెమిస్టు భార్య అంటున్నావు, ఆవిడ లెక్కేదో ఆవిడకుంటుంది. అక్కడ చలి ఎంతకాలం ఉంటుందో ఆవిడకే తెలుసు," అన్నారు. అయితే సరే అనుకున్నాను. ఒక సవరణ మాత్రం ఉంది. దుంపను తెంచకూడదు, పీకాలి. పీకాక పైన ఆకుల తల కొయ్యాలి.

ఈ సంగతి నాన్నకి కూడా వేరే ఉత్తరంలో రాశాను. ‘నానమ్మ మార్చి నెలాఖరుకు దుంప తెంచమంటోంది, తాతయ్య దగ్గర నేర్చుకున్న లెక్క అయ్యుంటుంది, ఆవిడ మాట వినండి’ అని. నీ గొప్పతనం నువ్వు చెప్పుకోవు కదా. నేనే చెప్పాను.

నీ మనవరాలు
మనోజ్ఞ

ముఐథర్
5 ఫిబ్రవరి 1991

మనోజ్ఞకు,

వ్యవసాయ కళాశాలలో తెలుగు చెప్పరా?

మనిషి మీద కక్ష ఉన్న ఆడది ‘వాడి దుంప తెంచుతాను’ అంటే పలుగూ పారా తీసుకుని పొలానికి పోతుందా? ఆ మాట బాపట్ల వీధుల్లో రోజుకెన్నిసార్లు వినిపిస్తుందో నాకు తెలియదా? నేను రాసింది సుధాకరరావు దుంప గురించి. నువ్వు దానికి ఎండా వానా లెక్కలు కట్టావు. పైగా తెంచకూడదు పీకాలి అని సవరించావు. సవరణ బాగుంది. అతని విషయంలో అదే చేద్దును.

ఇప్పుడు జరిగింది విను. మీ నాన్న నీ ఉత్తరం సుధాకరరావుకి చూపించాడు. అతను పొంగిపోయాడు. కంపెనీ మీటింగులో లేచి, "తవ్వకం మార్చి నెలాఖరున. ఇది నా మాట కాదండీ. మా పాత చీఫ్ కెమిస్టుగారి భార్య, మన జయంత్ తల్లిగారు చెప్పిన మాట," అని అందరి ముందూ అన్నాడట. శుక్రవారం నాకు ఖర్జూరాల పెట్టె తెచ్చి, "పెద్దావిడ చెప్పినట్టే చేస్తున్నానండీ," అన్నాడు.

ఆ మాట మళ్ళీ నా గుమ్మంలో విన్నాను. ఈసారి పంట పోతే తప్పు ఎవరి మీద పడుతుందో నీకు అర్థమైందా? నా మీద. నేను కంపెనీలో ఎవరిని? ఎవరినీ కాదు. కనుక మీ నాన్న మీద.

యుద్ధం మొదలైంది. కిటికీ అద్దాలకు టేపు అంటించాం. పైనుంచి విమానాలు పోతూనే ఉన్నాయి, పప్పు గిన్నె మీద మూత గణగణలాడుతుంది. మీ అమ్మ ఒక గదిలో నీళ్ళ డబ్బాలు, బిస్కట్లు పేర్చింది. వీటిలో ఏదీ నన్ను భయపెట్టలేదు. ఖర్జూరాల పెట్టె భయపెట్టింది.

నువ్వు ఇంకొకటి కూడా తప్పుగా అనుకున్నావు. యూరియా సంగతి మీ నాన్నకు నేను చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. సుధాకరరావు జనవరిలో మూడోసారి వేయించాడు. ఈ నెలలో నాలుగోసారి వేయిస్తాడట. వెయ్యనీ అనుకున్నాను. ఇప్పుడు ఏం చెయ్యాలో ఆలోచిస్తున్నాను. చెబితే అతను బాగుపడతాడు. చెప్పకపోతే వీడు చెడతాడు.

నువ్వు ఎవరికీ ఏమీ రాయకు.

నానమ్మ

బాపట్ల
17 ఫిబ్రవరి 1991

నానమ్మకి,

నిన్న సాయంత్రం ఎస్టీడీ బూత్‌లో గంటన్నర క్యూలో నిలబడి ఫోన్ చేశాను. నువ్వే ఎత్తావు. "నాన్నని పిలువు," అన్నాను. "ఎందుకు?" అన్నావు. "నువ్వు చెప్పకపోతే నేను చెబుతా," అన్నాను. అంతలో లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు. కాబట్టి రాస్తున్నాను, ఎప్పటికి చేరుతుందో.

నేను నీకోసం మాస్టారి వెంటపడి తెచ్చిన మాట. నాన్న పొలం బాగుండాలని తెచ్చిన మాట. దాన్ని నువ్వు నాలుగు నెలలు కొంగున కట్టుకుని కూర్చున్నావా? శుక్రవారం శుక్రవారం ఆయనకి నెయ్యి వేస్తూ, పక్కనే కూర్చుని తింటున్న నాన్న మొహం చూస్తూ?

దుంప తెంచడం అంటే నాకు తెలుసు. నువ్వు అలాంటి మాట రాస్తావని తెలియదు. నా చిన్నప్పుడు ‘ఛీ’ అన్నందుకే నా చేత యాభైసార్లు ‘అనను’ అని రాయించావు.

ఆ సుధాకరరావుని నువ్వేం చేసుకున్నా నాకు బాధ లేదు. కానీ తాతయ్యకి జరిగింది నాన్నకి జరిగితే, ఈసారి దానికి నేను కూడా తోడుపడినట్టు అవుతుంది. నాకు ఆ వాటా వద్దు.

ఈ ఉత్తరం చేరిన రోజే చెప్పు.

మనోజ్ఞ

ముఐథర్
3 మార్చి 1991

చిరంజీవి మనోజ్ఞకు,

యుద్ధం ఆగింది. మీ అమ్మ టేపులు పీకుతోంది, అద్దాల మీద మరకలు పోవడం లేదు.

ఆ రోజు లైను తెగలేదు. నేనే పెట్టేశాను. పెట్టేశాక మీ నాన్న, "ఎవరమ్మా?" అన్నాడు. రాంగ్ నంబరు అన్నాను. కన్నకొడుకుతోనే అబద్ధమాడుతున్నానని ఆ మాట అన్నాకే నాకు తెలిసింది. రాత్రి భోజనాల దగ్గర వాడికి మీ మాస్టారి మాట పూర్తిగా చెప్పాను. ఎప్పుడు వచ్చిన ఉత్తరమని వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు.

మర్నాడు పాపం వెళ్ళి సుధాకరరావుకి చెప్పాడు. అతను నవ్వాడట. "అవన్నీ పిల్లల పాఠాలు జయంత్. నేను ముప్పై సీజన్లు నడిపాను." మీ నాన్న తలొంచుకుని తిరిగొచ్చాడు. అప్పుడు శుక్రవారానికి ఫరీదుద్దీన్‌గారిని కూడా భోజనానికి పిలిచాను. ఆయనకని దస్తగిరి చేత బయట బిర్యానీ తెప్పించాను.

తింటుండగా నేనే మొదలుపెట్టాను. "మా వాడికి కొత్త పిచ్చి పట్టింది నాయనా. పొలాన్ని పస్తు పెడితే తీపెక్కుతుందట."

"పస్తు పెడితే పీనుగవుతుందండీ," అన్నాడు సుధాకరరావు.

ఫరీదుద్దీన్‌గారు నవ్వి, "అమ్మా, మీరు ఎవరి సైడు? బేటా సైడా, మెహమాన్ సైడా?" అన్నారు.

"గెలిచేవాళ్ళ సైడు. సగం పొలం వాడికి వదిలేసి చూడు సుధాకరం. నీ దుంపల పక్కన వాడివి ముల్లంగుల్లా నిలబడితే సిగ్గొచ్చి దారికొస్తాడు. కానీ ఏది ఎవరిదో కలిసిపోకూడదు సుమా. నీ దుంపలు తనవని మావాడు చెప్పుకున్నా చెప్పుకుంటాడు."

మీ నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నా వైపు చూశాడు. నేను చూడలేదు.

"అంతపని చేస్తావటోయ్ జయంత్? ఫరీద్ సాబ్, బోర్డులు పెట్టించండి. తూర్పు సగం సుధాకరరావు, పడమటి సగం జయంత్. ఇంగ్లీషులోనూ అరబీలోనూ."

"అరబీ ఎందుకు సార్?" అన్నారు ఫరీదుద్దీన్‌గారు.

"యజమాని చదవాలి కదండీ."

"తవ్వే తేదీ నేను చెప్పానన్నావట," అన్నాను. "నాకేం తెలుసు నాయనా, నలుగురూ నవ్వుతారు."

"వదిలెయ్యండి అమ్మగారూ. తేదీ కూడా నాదే."

"ఎరువూ?"

"ఎరువూ నాదే. తూర్పు సగంలో మొలిచిన ప్రతి ఆకూ నాదే."

ఫరీదుద్దీన్‌గారి ఎదుట అన్నాడు. పెరుగులో ఇంకొంచెం అన్నం కలుపుకో నాయనా అన్నాను. మర్నాడే బోర్డులు లేచాయి. తూర్పున యూరియా నాలుగోసారి పడింది. పడమట మీ నాన్న ఎరువు ఆపాడు, నీళ్ళు బిగపట్టాడు. ఆకులు పసుపు తిరుగుతున్నాయని దిగులుగా ఉన్నాడు. ఇసుక నేల, ఎరువు నిలవదు, ఇంకా ఆలస్యం కాలేదని మీ మాస్టారు అంటారా? అడిగి రాయి.

నీకు వాటా వద్దన్నావు. తీసేశాను. మిగిలినదంతా నాది.

నానమ్మ

బాపట్ల
15 మార్చి 1991

నానమ్మకి,

మాస్టారు అడిగింది ఒకటే. పడమటి సగంలో అడుగు ఆకులు ఎండుతున్నాయా, నడిమి ఆకులు లేతగా ఉన్నాయా అని. అలా అయితే దుంప ఆకలి మీద ఉన్నట్టే, భయం లేదు అన్నారు. నాన్నకి ఇదంతా విడిగా రాశాను.

నువ్వు చేసింది తెలివైన పనని హాస్టల్లో ఎవరికైనా చెబితే ఒప్పుకుంటారు. నేను ఎవరికీ చెప్పలేదు.

యుద్ధం ఆగిపోయింది కదా. ఓడలు వస్తాయి. పంచదార మళ్ళీ దొరుకుతుంది. ఇప్పుడు ఇదంతా ఎందుకు నానమ్మా? ఆయన్ని ఊరికే వదిలేస్తే ఏమవుతుంది?

మనోజ్ఞ

ముఐథర్
26 ఏప్రిల్ 1991

చిరంజీవి మనోజ్ఞకు,

వదిలేస్తే ఏమవుతుందని అడిగావు. మీ తాతయ్య వదిలేశారు. ఏమైందో చూశాను కనుక నేను వదల్లేదు.

మార్చి నెలాఖరున తవ్వారు. తూర్పు సగం దుంప ఒకటి దస్తగిరి నాకు చూపించడానికి కారులో తెచ్చాడు. "గుమ్మడికాయమ్మా ఇది. ముందు సీట్లో కూర్చోబెడితే పోలీసోడు మనిషనుకుని చూసినాడు," అన్నాడు. సుధాకరరావు అలాంటి దుంపను చంకన పెట్టుకుని తన బోర్డు పక్కన ఫోటో తీయించుకున్నాడు. పడమటివి పిడికిలి కన్నా కాస్త పెద్దవి. మీ నాన్న వాటిని చూసి ఇంటికి వచ్చి అన్నం తినలేదు.

పొలం పక్కనే షెడ్డు వేసి చిన్న పెనాలు అమర్చారు. దుంపలను చీలికలు తరిగి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆ రసానికి సున్నం పట్టించి కాచారు. నన్ను కూడా తీసుకెళ్ళమన్నాను. యజమాని తరపు మనుషులు ఇద్దరు, ఫరీదుద్దీన్‌గారు ఉన్నారు. మొదట తూర్పు రసం. మరిగింది, చిక్కబడింది, నల్లబడింది. సుధాకరరావు చెంచాతో తీసి వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. మళ్ళీ చూశాడు. పలుకు లేదు. ఇంకొంచెం కాయించాడు. తారులా సాగింది. తర్వాత మీ నాన్న పెనం. పొంగు అణిగాక మీ నాన్న వేళ్ళ మధ్య ఇసుకలాగా తగిలింది. వాడు చెయ్యి చాచి నాకు చూపించాడు. తెల్లగా లేదు, లేత గోధుమ రంగు. పంచదారే.

యజమాని మనిషి బోర్డుల దగ్గరికి నడిచి వెళ్ళి, అరబీలో రాసింది చదివి, తిరిగి వచ్చి సుధాకరరావుని చూశాడు. సుధాకరరావు నోరు తెరిచాడు. ఏమంటాడో నాకు తెలుసు. కానీ ఈసారి చెప్పడానికి పెద్దాయన ఎవరూ లేరు. "పొరపాటు నాదేనండీ," అన్నాడు.

ఆ మాట వినడానికి మీ తాతయ్య ఒక విచారణ గదిలో మూడు రోజులు నిలబడ్డారు.

అక్కడితో అయిపోలేదు. ఫరీదుద్దీన్‌గారు దయగల మనిషి. రెండు రోజుల తర్వాత ఒక కాగితం తెచ్చారు. తూర్పు నేలలో ఉప్పు ఎక్కువ కావడం వల్ల పంట చెడిందని, అందులో ఎవరి తప్పూ లేదని. పొలం మనిషిగా మీ నాన్న సంతకం పెడితే చాలు. "ఛోడ్ దీజియే అమ్మా. జంగ్ ఖతం అయింది, దుకాణాల్లో చక్కెర బస్తాలు వచ్చాయి, ఈ స్కీము కూడా బంద్ చేస్తున్నారు. రావు సాబ్ ముసలివాడు, ఇజ్జత్‌తో ఇంటికి పోతాడు," అన్నారు.

మీ నాన్న పెన్ను తీశాడు.

"ఉప్పు ఏ తప్పూ చెయ్యలేదు," అన్నాను. ఒట్టు తీసి పక్కన పెట్టి, ఫరీదుద్దీన్‌గారు వెళ్ళాక 1962 సంగతంతా వాడికి చెప్పాను. వాడు పెన్నుకు మూత పెట్టాడు.

"నాన్న నాకెందుకు చెప్పలేదు?"

"మంచివారు కనుక."

"మరి నువ్విప్పుడెందుకు చెప్పావు?"

వాడు సంతకం పెట్టలేదు. యజమాని సుధాకరరావుని గడువు కన్నా ముందే పంపించేశాడు. ఇండియాలో ఒక పెద్ద ఫ్యాక్టరీ వాళ్ళు సలహాదారుగా పిలిచారట. ఇక్కడి సంగతి తెలిసి వద్దన్నారట. మీ నాన్నకు కూరగాయల పొలం ఎప్పటిలాగే ఉంది.

వెళ్ళే ముందు రోజు సుధాకరరావు వచ్చాడు. మీ నాన్న స్నానం చేస్తున్నాడు. నా కాళ్ళకు వంగబోయాడు. కాళ్ళు వెనక్కి తీసుకున్నాను. నిలబడే ఉన్నాడు.

"అమ్మగారూ, ఒక్కటే అడుగుతాను. ఆ యూరియా సంగతి మీకెప్పుడు తెలుసు?"

"అక్టోబరులో."

"అక్టోబరు," అన్నాడు. "అంటే నేను మీ ఇంట తిన్నన్ని శుక్రవారాలూ."

"అవును."

"తెలిసీ నెయ్యి వేశారు."

"నువ్వు కూడా నాలుగేళ్ళు నా నెయ్యి తిన్నావు. విచారణ రోజు పొద్దున కూడా తిని వెళ్ళావు."

అతను గోడకు ఆనుకున్నాడు. ముసలివాడైపోయాడు, ఆ సంగతి నేను అప్పుడే గమనించాను. "అయితే మనిద్దరికీ సరిపోయిందండీ. నేనూ తెలిసి చెప్పలేదు, మీరూ తెలిసి చెప్పలేదు."

"సరిపోలేదు," అన్నాను. "నిన్ను అడిగినప్పుడు నువ్వు నా భర్త పేరు చెప్పావు. నన్ను అడిగితే నేను అక్టోబరు అని చెప్పాను."

అతను వెళ్ళిపోయాడు. నేను తలుపు వేసి వెనక్కి తిరిగేసరికి మీ నాన్న తువ్వాలు భుజాన వేసుకుని వసారాలో నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో అడగలేదు. వాడే అన్నాడు.

"ఫిబ్రవరి దాకా ఆ రెండు సగాలూ నా పొలమేగా అమ్మా."

అవునన్నాను. కాదనడానికి లేదు.

నువ్వు పశ్చాత్తాపం గురించి అడుగుతావు. లేదు. ఆ మనిషి నోట ఆ మాట విన్నాను, నిద్ర బాగా పడుతోంది. మీ నాన్న విషయంలో మాత్రం రాంగ్ నంబరు అన్న రోజు దాకా నేను చేసింది తప్పు. ఇది నీకు రాస్తున్నాను, వాడికి చెప్పలేదు. చెబితే వాడు క్షమిస్తాడు, వాడు వాళ్ళ నాన్న పోలిక. నాకు ఇప్పుడు ఎవరి మంచితనమూ వద్దు.

మీ నాన్న నిన్న నా చేతిలో ఒక కవరు పెట్టాడు. బొంబాయికి టికెట్టు, వచ్చే ఆదివారానికి. నేను అడగలేదు. "మనోజ్ఞకి సెలవులు కదా, దానితో ఉండు," అన్నాడు. తిరుగు టికెట్టు లేదు. మీ అమ్మ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. దస్తగిరి మాత్రం, "మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా?" అని అడిగాడు. బట్టలు సర్దుకోవాలి నాయనా అన్నాను.

బొంబాయి నుంచి రైలు దొరికిన రోజు తంతి ఇస్తాను. స్టేషనుకు రా. పోర్టరును నేనే పిలుచుకుంటాను, నువ్వు వచ్చి నిలబడితే చాలు.

నానమ్మ
సావిత్రి